జింకల వేట: చెట్టు మీద నుంచా, నేల మీద నుంచా?

అమెరికాలో తెల్లతోక జింకల వేటకు ట్రీ స్టాండ్ మేలా, నేల మీద మాటు మేలా అన్నది ప్రశ్న.

మన చేలల్లో మంచె ఉంటుందే, ట్రీ స్టాండ్ ఇంచుమించు అదే. కాకపోతే ఇది చెట్టు మానుకు పట్టీలతో బిగించే సీటు, సాధారణంగా 15-20 అడుగుల ఎత్తులో. జింక కళ్లు ఎక్కువగా తన ఎత్తులోనే వెతుకుతాయి కాబట్టి పైనున్న మనిషి తొందరగా కనబడడు. గురి తప్పినా తూటా నేలలోకే దిగుతుంది. వాసన అసలు తగలదనుకోవడం మాత్రం పొరపాటు: సాయంత్రం చల్లబడిన గాలి కిందికి జారుతుంటే మన వాసనా దానితోపాటే దిగుతుంది. బాణంతో వేటాడేవాళ్లకు ఇంకో చిక్కు. జింక మరీ చెట్టు కిందికి వస్తే కోణం నిటారుగా మారి, రెండు ఊపిరితిత్తులకూ తగలాల్సిన బాణం ఒకదాన్నే తాకొచ్చు.

అసలు భయం పడిపోవడం. చాలామంది ఎక్కుతూనో దిగుతూనో, సీటు మీదికి కాలు మారుస్తూనో జారిపడతారు. కాబట్టి కాలు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ నేల తాకేదాకా ఒంటికి హార్నెస్ (భుజాలకు, తొడలకు బిగించుకునే పట్టీల కట్టు), దాన్ని చెట్టుకు కట్టే తాడు ఉండాల్సిందే.

నేల మీదైతే గాలి మారగానే చోటు మార్చుకోవచ్చు. గుడారంలాంటి బ్లైండ్‌లో కూర్చుంటే చిన్న కదలికలు బయటికి తెలియవు. అయితే వెనక కిటికీ మూసి, లోపల నల్లచొక్కా వేసుకోవాలి. లేదంటే వెలుతురులో మన ఆకారం నీడలా కనిపిస్తుంది. కొత్తవాళ్లకు నేనైతే నేల మీద మాటే మేలని చెబుతాను.

ఇదంతా అక్కడ లైసెన్స్, సీజన్ ఉన్నవాళ్లకే. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద జింకను వేటాడితే జైలే.