టెక్ సందేహాలు: ఫాంటసీ హాకీలో ఫ్రీ ఏజెంట్‌ను ఎప్పుడు తీసుకోవాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం గురించి ఉన్నాయి. అమెరికా, కెనడాలో స్థిరపడ్డ మనవాళ్లు తమ ఫాంటసీ హాకీ లీగుల్లోకి ఇక్కడి తమ్ముళ్లను, బామ్మర్దులను చేరుస్తున్నారు. వాళ్లకేమో మంచు మీద ఆడే హాకీ కొత్త, యాప్ కూడా కొత్త. అందుకే ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి): టొరంటోలో ఉండే మా బావ తన ఆఫీసు వాళ్ల యాహూ ఫాంటసీ లీగ్‌లో నన్ను చేర్చారు. 12 జట్లు, పైసల ఆట కాదు. వారానికి 4 సార్లు మాత్రమే కొత్త ఆటగాణ్ని తీసుకోవచ్చు. నిన్న ఎవరు రెండు గోల్స్ కొడితే వాణ్ని ఈ రోజు తీసుకుంటున్నాను. నా జట్టులోకి వచ్చాక ఒక్కడూ గోల్ కొట్టడం లేదు. నేను వదిలేసినవాళ్లు మాత్రం వేరే వాళ్ల జట్టులో దంచి కొడుతున్నారు. ఫ్రీ ఏజెంట్‌ను అసలు ఎప్పుడు తీసుకోవాలి సర్?

జవాబు: తెలియని వాళ్ల కోసం ముందు రెండు మాటలు. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు ఉన్నాయి. అక్కడి అసలు ఆటగాళ్లను మీరు మీ ఊహా జట్టులోకి ఎంచుకుంటారు. వాళ్లు నిజం మ్యాచ్‌లో కొట్టిన గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు, షాట్లు మీ ఖాతాలో పడతాయి. చాలా లీగుల్లో ప్రతి వారం ఒక తోటి జట్టుతో మీకు పోటీ; గోల్స్, షాట్లు లాంటి ఒక్కో విభాగంలో ఎవరికి ఎక్కువ వస్తే ఆ విభాగం వాళ్లది. మీ లీగ్‌లోని 12 జట్లలో ఎవరి దగ్గరా లేని ఆటగాడే ఫ్రీ ఏజెంట్.

నిన్నటి రెండు గోల్స్ అయిపోయాయి. అవి మీ ఖాతాలోకి రావు. ఏనుమాముల యార్డులో తేజ మిర్చి రేటు ఎక్కిన మర్నాడు కొనడానికి పరుగెత్తినట్టే ఉంది మీ పద్ధతి. రేటు ఎక్కకముందే కొనాలంటే గోల్స్ పట్టిక వదిలి ఐస్ టైమ్ చూడాలి. ఐస్ టైమ్ అంటే ఆటగాడు మ్యాచ్‌లో మంచు మీద గడిపిన నిమిషాలు. ప్రతి జట్టులో ముందు ఆడే ఫార్వర్డ్‌లు ముగ్గురు ముగ్గురు చొప్పున నాలుగు లైన్లుగా మారుతూ ఆడతారు. మొదటి లైన్‌లో ఉన్నవాడికి 18 నుంచి 20 నిమిషాలు దొరికితే, నాలుగో లైన్ వాడికి 10 నిమిషాలు దొరకడమే ఎక్కువ. పది నిమిషాల ఆటగాడు ఒక రాత్రి రెండు గోల్స్ కొట్టవచ్చు, కానీ మర్నాడు కూడా వాడికి అవే పది నిమిషాలు.

దాని తర్వాత పవర్ ప్లే చూడండి. ప్రత్యర్థి ఆటగాడు తప్పు చేసి 2 నిమిషాలు బయట కూర్చున్నప్పుడు అయిదుగురు నలుగురి మీద ఆడతారు. గోల్స్ సులభంగా పడే సమయం అది. ప్రతి జట్టుకూ పవర్ ప్లే యూనిట్లు రెండు ఉంటాయి, ఆ 2 నిమిషాల్లో పెద్ద వాటా మొదటి యూనిట్‌దే. చాలా లీగుల్లో పవర్ ప్లే పాయింట్లకు విడిగా లెక్క ఉంది కాబట్టి ఒకే గోల్ మీకు రెండు చోట్ల పనికొస్తుంది. మూడో లైన్‌లో ఆడే ఒకడిని కోచ్ ఇవాళ మొదటి పవర్ ప్లే యూనిట్‌లోకి మార్చాడని తెలిస్తే, వాడు ఇంకా ఒక్క గోల్ కొట్టకపోయినా తీసుకోండి. సరైన సమయం అదే. డైలీ ఫేస్‌ఆఫ్ సైట్‌లో ఏ జట్టుకు ఏ లైన్, ఏ యూనిట్ అన్నది కనిపిస్తుంది. మ్యాచ్ అయ్యాక ఎన్‌హెచ్‌ఎల్ సైట్‌లో స్కోరు పట్టిక తెరిస్తే మొత్తం ఐస్ టైమ్, అందులో పవర్ ప్లే వాటా రెండూ ఉంటాయి. వరసగా రెండు మ్యాచ్‌లలో మూడు నాలుగు నిమిషాలు పెరిగితే మూడో మ్యాచ్ దాకా ఆగకండి.

విలియం కార్ల్‌సన్ 2016-17లో కొలంబస్ జట్టుకు ఆడి కొట్టినవి 6 గోల్స్. మరుసటి సీజన్‌లో కొత్తగా ఏర్పడ్డ వెగాస్ గోల్డెన్ నైట్స్ అతణ్ని తీసుకుని పై లైన్‌కు ఎక్కించింది. 2017-18లో 43 గోల్స్ కొట్టాడు. అతని నిమిషాలు పెరగడం గమనించి సీజన్ మొదట్లోనే పట్టుకున్నవాళ్లకు ఆ గోల్స్ దాదాపు అన్నీ దక్కాయి. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో సగటున నూరు షాట్లకు పది గోల్స్ అటూ ఇటుగా పడతాయి. ఆ ఏడాది కార్ల్‌సన్ నూటికి 23కు పైగా కొట్టాడు. అది నిలిచేది కాదు. తర్వాతి సీజన్‌లో 24 గోల్స్‌కు దిగాడు. పై లైన్‌లో చోటు అలాగే ఉంది, కలిసొచ్చిన కాలం పోయింది. అయిదు షాట్లకు మూడు గోల్స్ కొట్టాడని ఎవరినైనా తీసుకోబోయే ముందు ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది రెండో సగం. ఒకణ్ని తీసుకోవడమంటే ఇంకొకణ్ని వదలడం కూడా. వాషింగ్టన్ జట్టు స్టార్ ఓవెచ్‌కిన్ 2023-24 సీజన్‌లో జనవరి చివరికి కొట్టినవి 8 గోల్స్ మాత్రమే. విసిగిపోయి వదిలేసిన వాళ్లను ఎవరూ తప్పు పట్టలేదు. సీజన్ అయ్యేసరికి ఆయన లెక్క 31కి చేరింది. మీవాడికి గోల్స్ పడటం లేదు కానీ షాట్లు తగ్గలేదు, నిమిషాలు తగ్గలేదు, మొదటి పవర్ ప్లే యూనిట్‌లోనే ఉన్నాడు అనుకోండి. వాణ్ని ముట్టుకోకండి. షాట్లు సగానికి పడిపోయి, రెండో యూనిట్‌కు దిగితే అప్పుడు వదలండి. జట్టులో ఒకటి రెండు స్థానాలను మాత్రమే ఇలాంటి మార్పులకు వాడండి. మిగతావాళ్లను కనీసం నెల రోజులు కదపవద్దు.

ఇక షెడ్యూలు. దీన్ని చాలామంది పట్టించుకోరు, వారం గెలిచేది మాత్రం తరచుగా దీనివల్లే. అమెరికాలో మంగళ, గురు, శనివారాల్లో మ్యాచ్‌లు కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజుల్లో మీ వాళ్లంతా ఆడతారు, చోటు చాలక కొందరు బెంచ్ మీద మిగిలిపోతారు, వాళ్ల గోల్స్ మీకు లెక్కలోకి రావు. సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో మీ స్థానాలు ఖాళీగా ఉంటాయి. కాబట్టి వారానికి 4 మ్యాచ్‌లు ఉన్నాయని ఒకణ్ని తీసుకుంటే, వాటిలో మూడు రద్దీ రోజుల్లో పడితే మీకు అక్కరకొచ్చేది ఒకటే కావచ్చు. 3 మ్యాచ్‌లే ఉన్నా మూడూ ఖాళీ రోజుల్లో ఉన్నవాడు మీకు మూడూ ఆడిపెడతాడు. గూగుల్ షీట్స్‌లో ఒక పట్టిక వేసుకోండి. అడ్డంగా ఏడు రోజులు, నిలువుగా జట్ల పేర్లు, మ్యాచ్ ఉన్న చోట 1. ఖాళీ రోజుల గడులను మాత్రమే కూడండి. ఎక్కువ వచ్చిన జట్టు ఆటగాళ్లలో వెతకండి.

మీకున్న 4 అవకాశాలను సోమవారమే ఖర్చు చేయకండి. ఒకటి ఆదివారం దాకా దాచుకోండి. ఆ రోజు మీరు షాట్లలో రెండే వెనకబడి ఉండవచ్చు, ఒక్క ఆటగాడితో ఆ విభాగం మీదైపోతుంది.

ప్రశ్న (మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగి): మ్యాచ్‌లన్నీ మనం నిద్రపోయే టైమ్‌లో. పొద్దున లేచేసరికి మంచివాళ్లను ఎవరో ఒకరు ఎత్తుకుపోతున్నారు. అలారం పెట్టుకుని లేవాలా?

జవాబు: అక్కర్లేదు. న్యూయార్క్, టొరంటోలో సాయంత్రం 7కు మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో మనకు మర్నాడు ఉదయం 5:30. అక్కడ గడియారాలు నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి, మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు జరుగుతాయి కాబట్టి సీజన్ మొదట్లో, చివర్లో అదే మ్యాచ్ 4:30కే మొదలవుతుంది. అంటే అక్కడి సోమవారం ఆట మనకు మంగళవారం తెల్లవారుజామున. పై జవాబులో చెప్పిన ఖాళీ రోజులు మన లెక్కలో మంగళ, గురు, శని, సోమవారాల ఉదయాలు.

మ్యాచ్ ఉన్న రోజు జట్లు ఉదయం కాసేపు సాధన చేస్తాయి. ఎవరు ఏ లైన్‌లో, గోల్‌లో ఎవరు, ఎవరికి నొప్పి అన్న వార్తలు చాలావరకు అప్పుడే వస్తాయి. అక్కడి తూర్పు తీరంలో ఉదయం 11 అంటే చలికాలంలో మనకు రాత్రి 9:30. అన్నం తిన్నాక పది నిమిషాలు ఫోన్ చూస్తే చాలు, అప్పుడు లీగ్‌లో మీ తోటివాళ్లు అక్కడ ఆఫీసు పనిలో ఉంటారు. ఈ గడియారం తేడా మీకు నష్టం అనుకుంటున్నారు కానీ, సరిగ్గా వాడుకుంటే ఇదే మీ బలం. పడమటి తీరం జట్ల వార్తలు మాత్రం మన అర్ధరాత్రి దాటాక వస్తాయి. వాటి కోసం మేల్కొని కూర్చోవద్దు, రేపటి ఉద్యోగం ముఖ్యం. శని, ఆదివారాల్లో అక్కడ మధ్యాహ్నం మ్యాచ్‌లు కూడా ఉంటాయి, అవి మనకు రాత్రే మొదలవుతాయి. ఆ రెండు రోజులు మార్పులు కొంచెం ముందే చేసుకోండి.

ప్రశ్న (కరీంనగర్ నుంచి): కొందరు ఆటగాళ్ల పేరు పక్కన వేవర్స్ అని వస్తోంది, వెంటనే తీసుకోనివ్వడం లేదు. ఇంకో లీగ్‌లో 100 డాలర్ల ఉత్తుత్తి బడ్జెట్ ఇచ్చి వేలం పాడమంటున్నారు. దాన్ని ఎప్పుడు ఖర్చు పెట్టాలి?

జవాబు: ఎవరైనా ఒక ఆటగాణ్ని వదిలేస్తే అతను వెంటనే ఫ్రీ ఏజెంట్ కాడు. లీగ్ సెట్టింగ్స్‌లో పెట్టిన గడువు, చాలాచోట్ల రెండు రోజులు, వేవర్స్‌లో ఉంటాడు. ఆ లోపు ఎవరైనా కావాలని అడగవచ్చు. గడువు తీరాక ప్రాధాన్య క్రమంలో ముందున్నవాడికి దక్కుతాడు. వాడుకున్నవాడు చాలా లీగుల్లో వరస చివరికి పోతాడు. కాబట్టి వరసలో మీరు మొదట ఉంటే ఒక వారం అవసరానికి ఆ చోటు పోగొట్టుకోకండి. ఎవరూ అడగకపోతే ఆ ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు, అప్పుడు ముందు నొక్కినవాడిదే.

వేలం లీగ్‌లో ఎవరు ఎంత రాశారో ఒకరికొకరికి తెలియదు. నా మాటైతే సీజన్ మొదటి ఆరు వారాల్లో ధైర్యంగా ఖర్చు పెట్టండి. ఒక్కో జట్టుకు 2025-26 దాకా 82 మ్యాచ్‌లు, 2026-27 నుంచి 84. అక్టోబర్‌లో దొరికిన మంచి ఆటగాడు మీకు 70కి పైగా మ్యాచ్‌లు ఆడతాడు, అదే ఆటగాడు మార్చిలో దొరికితే మిగిలేవి పదీ పదిహేను. డాలర్ విలువ వారం వారం కరిగిపోతుంది. కొంత మాత్రం మార్చి మొదట్లో అక్కడి జట్లు ఆటగాళ్లను మార్చుకునే ఆఖరి గడువు కోసం ఉంచండి. ఆ వారం చాలామందికి కొత్త జట్టు, కొత్త లైన్ దొరుకుతాయి.

ప్రశ్న (మంచిర్యాల నుంచి): మా గోలీకి (గోల్ కాపలా కాసేవాడికి) దెబ్బ తగిలింది. అతని జట్టులోని రెండో గోలీని తీసుకోవాలా, ఆగి చూడాలా?

జవాబు: ఆగకండి, ఇప్పుడే తీసుకోండి. మిగతా ఆటగాళ్ల విషయంలో ఓపిక పట్టమన్నాను, గోలీల విషయంలో అది పనికిరాదు. 32 జట్లకు ప్రధాన గోలీలు సుమారు 32 మంది. 12 మంది ఆడే లీగ్‌లో తలా ఇద్దరు ముగ్గురిని పెట్టుకుంటే బయట మిగిలేది దాదాపు ఏమీ లేదు. దెబ్బ తగిలినవాణ్ని ఇంజ్యూర్డ్ రిజర్వ్ స్థానంలోకి జరిపితే ఎవరినీ వదలకుండానే కొత్తవాడికి చోటు దొరుకుతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్టు తన ఇంజ్యూర్డ్ రిజర్వ్ జాబితాలో చేర్చిన ఆటగాడు కనీసం 7 రోజులు బయట ఉండాలి. దీర్ఘకాలిక జాబితా అయితే కనీసం 10 మ్యాచ్‌లు, 24 రోజులు. ఏ జాబితానో చూస్తే కొత్తవాడు మీకు ఎన్నాళ్లు పనికొస్తాడో తెలిసిపోతుంది.

జట్టు అట్టడుగున ఉందని కూడా వెనకాడకండి. 2019 జనవరి మొదట్లో సెయింట్ లూయిస్ బ్లూస్ మొత్తం లీగ్‌లో చివరి స్థానంలో ఉంది. జనవరి 7న జోర్డన్ బినింగ్టన్ అనే కొత్త గోలీని మొదటిసారి మ్యాచ్ ఆరంభం నుంచి ఆడించారు. ఫిలడెల్ఫియాకు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ సీజన్‌లో అతను 24 మ్యాచ్‌లు గెలిపించాడు, జూన్‌లో జట్టు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తింది. ఆ మొదటి వారంలో తీసుకున్నవాళ్లకు అతను ఊరికే దొరికాడు. కోచ్ వరసగా రెండు మూడు మ్యాచ్‌లు ఒకే గోలీకి ఇస్తున్నాడంటే అదే మీకు సంకేతం. ఒకటే మ్యాచ్ కోసం కావాలంటే జట్టు వరసగా రెండు రాత్రులు ఆడే చోట వెతకండి. అందులో ఒకటి సాధారణంగా రెండో గోలీ ఆడతాడు.

అయితే వారం చివర్లో గోలీల సగటు విభాగాల్లో (మ్యాచ్‌కు ఇచ్చిన గోల్స్, ఆపిన షాట్ల శాతం) మీరు ముందుంటే, లీగ్ అడిగిన కనీస మ్యాచ్‌లు పూర్తయ్యాక కొత్త గోలీని దించవద్దు. ఒక్క చెడ్డ రాత్రి అయిదు రోజుల ఆధిక్యాన్ని తినేస్తుంది.

ప్రశ్న (జగిత్యాల నుంచి): మా దోస్తులు తలా 50 డాలర్లు వేసి లీగ్ పెడుతున్నారు. నేను ఇక్కడి నుంచి చేరవచ్చా?

జవాబు: చేరకండి. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు ఆటలను దేశమంతటా ఆపింది. డబ్బు లేని లీగ్ పెట్టమని అడగండి. నిజమైన దోస్తులైతే ఒప్పుకుంటారు.

ప్రశ్న (కాజీపేట నుంచి): యాప్‌లో గాయాల నోటిఫికేషన్లు ఆన్ చేశాను. అయినా గంటల తర్వాత, యాప్ తెరిచినప్పుడే వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్.

జవాబు: బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ యాప్‌ను వెనకాల నిద్రపుచ్చుతోంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, ఆ యాప్ పేరు మీద నొక్కి, బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో 'ఆటోస్టార్ట్' అని ఇంకో మీట ఉంటుంది, అదీ ఆన్ చేయండి. డేటా సేవర్ వాడుతుంటే అందులోనూ ఈ యాప్‌కు అనుమతి ఇవ్వండి. తర్వాత యాప్ లోపల మీ జట్టు ఆటగాళ్ల గాయాలు, లైనప్ హెచ్చరిక ఈ రెండే ఉంచి మిగతావి ఆపేయండి. ప్రతి గోల్‌కూ ఫోన్ మోగితే రెండు రోజుల్లో విసుగొచ్చి అన్నీ ఆపేస్తారు. రాత్రి 'డు నాట్ డిస్టర్బ్' పెట్టుకునే అలవాటుంటే దాన్ని 10 గంటల తర్వాత మొదలయ్యేలా మార్చుకోండి, తూర్పు తీరం జట్ల ఉదయం సాధన వార్తలు చాలావరకు అంతకుముందే వచ్చేస్తాయి.