నడుస్తున్న వీఎం కెర్నల్‌లోకి చూడాలంటే

చిరంజీవికి,

వర్చువల్ మెషీన్ (వీఎం) లోపల నడిచే లైనక్స్, అంటే గెస్ట్, బిగుసుకుపోగానే రీబూట్ చెయ్యకు, ఆధారమంతా మెమరీతోపాటే పోతుంది. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ వీఎంను కాసేపు ఆపొచ్చా, లేదా?

ఆపొచ్చంటే, వీఎంను నడిపే క్యూఎము ప్రోగ్రాం మానిటర్‌లో (దాని కమాండ్ ప్రాంప్ట్‌లో) జీడీబీసర్వర్ కమాండ్ ఇవ్వు. నడుస్తున్న వీఎంకే స్టబ్, అంటే జీడీబీ డీబగ్గర్ కనెక్టయ్యే ద్వారం, తెరుచుకుంటుంది. అడ్రసు tcp:127.0.0.1:1234 అని పూర్తిగా రాయి. ఉత్త పోర్టు ఇచ్చావంటే అన్ని ఇంటర్‌ఫేసుల మీదా వింటుంది; దానికి పాస్‌వర్డ్ లేదు, కనెక్టయినవాడిదే మెషీన్.

తిప్పలన్నీ సింబల్స్ (ఫంక్షన్ల, వేరియబుళ్ల పేర్లు, వాటి అడ్రసులు) దగ్గరే. వెర్షన్ ఒకటైతే చాలదు, డీబగ్ సమాచారమున్న వీఎంలైనక్స్ (కెర్నల్ అసలు ఫైలు) బిల్డ్ ఐడీ, అంటే ఆ బిల్డ్ గుర్తింపు సంఖ్య, గెస్ట్‌లో నడుస్తున్న కెర్నల్ (ఓఎస్ మూలభాగం) దానితో కలవాలి. పైగా కేఏఎస్ఎల్ఆర్ అనే భద్రతా ఏర్పాటు బూట్ బూట్‌కీ కెర్నల్‌ను మెమరీలో వేరే అడ్రసుకు జరుపుతుంది. గెస్ట్‌లోకి రూట్‌గా వెళ్లగలిగితే కాల్‌సిమ్స్‌లో (నడుస్తున్న కెర్నల్ సింబల్స్ జాబితా, /proc/kallsyms) _టెక్స్ట్ అడ్రసు చూసి, అందులోంచి వీఎంలైనక్స్‌లోని _టెక్స్ట్ అడ్రసును తీసెయ్. వచ్చిన తేడాను సింబల్ ఫైల్ కమాండ్‌కు డాష్ ఓతో ఇవ్వు. తర్వాత లైనక్స్_బ్యానర్‌ను స్ట్రింగ్‌గా ప్రింట్ చెయ్. వెర్షన్ లైను శుభ్రంగా కనబడాలి. చెత్త వస్తే అక్కడే ఆగు, ఆపైన చూసేదంతా అబద్ధమే.

మెమరీ చదవలేనని జీడీబీ అంటే కంగారుపడకు. కేపీటీఐ (యూజర్ ప్రోగ్రాములకు కెర్నల్ మెమరీ కనబడకుండా చేసే రక్షణ) ఉన్న గెస్ట్‌లో వీసీపీయూ (వీఎం తాలూకు వర్చువల్ సీపీయూ) యూజర్ మోడ్‌లో ఆగితే, అప్పటి పేజీ టేబుల్‌లో (మెమరీ అడ్రసుల పట్టీలో) కెర్నల్ దాదాపు ఉండదు. ఇన్ఫో థ్రెడ్స్ చూసి కెర్నల్‌లో ఉన్న వీసీపీయూకి మారు, లేదా వదిలి మళ్లీ ఆపు.

ఎక్కువసేపు ఆపలేమంటే విర్ష్ (వీఎంలను నిర్వహించే కమాండ్) డంప్‌ను మెమరీ ఓన్లీతో తీసి, క్రాష్ అనే విశ్లేషణ టూల్‌లో తీరిగ్గా చూడు. రాస్తున్నంతసేపూ గెస్ట్ ఆగే ఉంటుంది, దాని లైవ్ ఆప్షన్ పేరు చూసి మోసపోకు. 16 జీబీ గెస్ట్‌కి ఫైలూ దాదాపు అంతే, డిస్క్ చూసుకో.

అసలు ఆపే వీల్లేకపోతే గెస్ట్‌లోనే కేకోర్ (కెర్నల్ మెమరీని ఫైలులా చూపే /proc/kcore) మీద డ్రాగన్ (drgn) అనే డీబగ్గర్ నడుపు. మన కాళ్లకిందే డేటా మారుతుంటుంది గనక లిస్టు మధ్యలో తెగినట్టో, తిరిగిన చోటే తిరుగుతున్నట్టో కనబడొచ్చు. రెండుసార్లు చదివి పోల్చాకే మెమరీ చెడిందని (కరప్షన్) అను. కెర్నల్ లాక్‌డౌన్ (రూట్‌కూ కెర్నల్‌ను అందనివ్వని రక్షణ) కాన్ఫిడెన్షియాలిటీ మోడ్‌లో ఉంటే కేకోర్ తెరుచుకోదు. ఎస్ఈవీ (వీఎం మెమరీని ఎన్‌క్రిప్ట్ చేసే ఏఎండీ ఏర్పాటు) గెస్ట్ అయితే హోస్ట్ నుంచి కనబడేది ఎన్‌క్రిప్ట్ అయిన చెత్తే.

పని అయ్యాక జీడీబీలో డిటాచ్ అను. కిల్ అన్నావంటే క్యూఎము ప్రాసెస్సే పోతుంది.