జాగిలాల వసతికి ఎవరి పేరు పెట్టాలి?

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో 40 ఏళ్లు కమీషన్ వ్యాపారం చేశారు. ఆరేళ్ల క్రితం మా ఇంట్లో దొంగలు పడి, పోలీసు కుక్కకు వాసన అందకుండా గదుల నిండా కారం చల్లి వెళ్లారు. డాగ్ స్క్వాడ్ నుంచి వచ్చిన రోజీ అనే జాగిలం గడపలోనే రెండుసార్లు తుమ్మి వెనక్కి తగ్గింది. హ్యాండ్లర్ దాన్ని పెరటి వైపు తిప్పి, గోడ పక్కన జారిపడిన తువ్వాలు చూపించగానే వాసన పట్టుకుని, సందులో నుంచి రైల్వే గేటు దాకా ఆగకుండా వెళ్లింది. మర్నాడు దొంగలు దొరికారు. నాన్నగారు బతికినన్నాళ్లూ ఇంటికి వచ్చిన ప్రతివారికీ ఆ సంగతి చెప్పేవారు. ఇప్పుడు ఆయన లేరు, రోజీ కూడా ఈమధ్యే పోయింది. ఆయన జ్ఞాపకార్థం స్క్వాడ్‌కు కొత్త కెన్నెల్ కట్టించి ఇవ్వాలనుకున్నాం. దానికి నాన్నగారి పేరు పెట్టాలని మేము అన్నదమ్ములం, రోజీ పేరు పెట్టాలని మా అమ్మ పట్టుబడుతున్నాం. ఏది సబబు? — ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ అమ్మగారి మాటే నాకు సబబుగా తోస్తున్నది. కట్టించినవారి పేరు కట్టడానికి పెట్టడం మన ప్రాంతంలో ఎప్పటినుంచో ఉన్న మర్యాద. సత్రాలు, కల్యాణ మండపాలు, బడి గదులు ఆ పేర్లతోనే నిలిచి ఉన్నాయి, అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. కానీ పోలీసు జాగిలం ఎనిమిది పదేళ్లు పనిచేసి విరమించాక దాన్ని సాకిన హ్యాండ్లర్‌కు తప్ప మరెవరికీ దాని పేరు గుర్తుండదు. 1993 పేలుళ్ల తరువాత ముంబైలో పేలుడు పదార్థాల జాడ తీసి ఎన్నో ప్రాణాలు కాపాడిన జంజీర్ అనే లాబ్రడార్‌కు 2000లో పోలీసులు అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు కనుక దాని పేరు దేశానికి తెలిసింది. జిల్లాల్లో దొంగల వెనుక, తప్పిపోయిన పిల్లల వెనుక నడిచిన జాగిలాలకు అటువంటి గుర్తింపు దక్కడం చాలా అరుదు. మీ నాన్నగారు ఇంటికి వచ్చినవారికి చెప్పుకున్నది కూడా తన పేరు కాదు, రోజీ పేరు.

అయితే ఒక చిక్కు ఉంది. చెవిన పడగానే తల తిప్పేటట్టు జాగిలాలకు చిన్న చిన్న పేర్లు పెడతారు, అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. రేపు స్క్వాడ్‌కు మరో రోజీ వస్తే, భవనం పేరు పలికినప్పుడల్లా ఆ జాగిలం తనను పిలిచారనుకుని లేచి నిలబడుతుంది, శిక్షణలో ఉన్నదానికి ఇది మంచిది కాదు. పైగా ఆ గదుల్లో రోజీతో పాటు పనిచేసిన మిగతా జాగిలాల హ్యాండ్లర్లకు తమ జాగిలం ఏం తక్కువ చేసిందన్న బాధ కలగవచ్చు. అందువల్ల భవనానికి ‘సరమ’ అన్న పేరు ఆలోచించమని నా మనవి.

సరమ దేవతల కుక్క. పణులు అనే అసురులు ఆవులను అపహరించి దాచినప్పుడు ఇంద్రుడి పనుపున జాడ తీస్తూ రసా నదిని దాటి వెళ్లి, వాటిని దాచిన చోటు కనిపెట్టింది ఆమే. ఋగ్వేదం పదో మండలంలోని 108వ సూక్తం మొత్తం ఆమెకూ పణులకూ నడిచిన సంవాదమే. నిన్ను చెల్లెలిగా చూసుకుంటాం, ఆవుల్లో వాటా ఇస్తాం, ఇక్కడే ఉండిపొమ్మని వాళ్లు ఆశపెడితే, అన్నాచెల్లెళ్ల వరుసలు నాకు తెలియవని చెప్పి ఆమె తిరస్కరిస్తుంది. పోలీసు ఆవరణలో ఉండే కట్టడానికి ఇంతకన్నా తగిన పేరు నాకు తోచడం లేదు. నన్నయ గారి ఆదిపర్వంలో, తన బిడ్డను అకారణంగా కొట్టారని జనమేజయుడి ఎదుట నిలబడి అడిగిన తల్లి కూడా సరమే కనుక, తెలుగు చదువుకున్నవారికి ఈ పేరు కొత్త కాదు. కుక్కకు సారమేయమన్న మాట వచ్చిందీ ఆమె నుంచే.

మీ నాన్నగారి పేరు, రోజీ పేరు గోడమీది ఫలకంలో పక్కపక్కనే ఉండాలి. ‘కారం చల్లిన ఇంట్లో దొంగల జాడ తీసిన రోజీకి కృతజ్ఞతతో, ఆ ఇంటి యజమాని జ్ఞాపకార్థం ఆయన కుటుంబం కట్టించినది’ అన్న వాక్యం రాయించి, కింద నాన్నగారి పేరు, సంవత్సరం వేయిస్తే చాలు. వంశవృక్షం మొత్తం రాయించకండి.

స్థలం ప్రభుత్వానిది కాబట్టి డబ్బిచ్చినంత మాత్రాన పేరు పెట్టే హక్కు రాదు. జిల్లా ఎస్పీ గారికి ఇచ్చే లేఖలోనే భవనం పేరు, ఫలకం మీది మాటలు యథాతథంగా రాసి, లిఖితపూర్వకమైన అంగీకారం అందాకే పునాది తీయించండి. నోటిమాటగా ఒప్పుకున్న అధికారి బదిలీ అయితే ఆ మాటకు ఆధారం ఉండదు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. మే నెలలో గుంటూరు, బెజవాడ ఎండలు మీకు తెలిసినవే. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి వగర్చడమే అది ఒళ్లు చల్లబరచుకునే ముఖ్యమైన మార్గం, ఉక్కపోతలో అది కూడా సరిగా పనిచేయదు. చెడిపోయిన కూలర్ కింద వగరుస్తూ పడుకున్న జాగిలం ఎదుట ఎంత మంచి పేరున్నా అది మీ నాన్నగారికి గౌరవం కాదు. పాలరాతికి పెట్టదలచిన ఖర్చు తగ్గించి, గాలి ధారాళంగా ఆడే ఎత్తైన కప్పుకు, నీళ్లు నిలవని వాలు నేలకు, నేల తగలకుండా పడుకునే చెక్క బల్లలకు కేటాయించండి. కొంత మొత్తం బ్యాంకులో వేసి, ఏటా వచ్చే వడ్డీ మరమ్మతులకు అందే ఏర్పాటు చేయండి.

ప్రారంభం రోజున రిబ్బను కత్తిరించడానికి ఎవరిని పిలవాలన్న చర్చ కూడా మీ ఇంట్లో వస్తుంది. ఆనాడు రోజీని పెరటి వైపు తిప్పిన హ్యాండ్లర్ ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో స్క్వాడ్‌లో అడిగి తెలుసుకుని, మీ అమ్మగారే స్వయంగా వెళ్లి ఆయనను పిలవడం బాగుంటుంది.