గులాబీకి నల్లమచ్చ, నిమ్మకు గజ్జి: ఒకే మందు సరిపోతుందా?

నెల్లూరులో పెరటి గులాబీ ఆకులు నల్లమచ్చలు పడి పండి రాలుతున్నాయి, పక్కనే నిమ్మకాయలకు గజ్జి పట్టింది, రెండింటికీ ఒకే మందు కొట్టవచ్చా అని అడిగారు.

రెండూ ఒకే రకం జబ్బులు కావండి. గులాబీ నల్లమచ్చ శిలీంధ్రం వల్ల, నిమ్మ గజ్జి బ్యాక్టీరియా వల్ల వస్తాయి. గులాబీకి మాంకోజెబ్ అనే శిలీంధ్రాల మందు లీటరు నీటికి 2.5 గ్రాములు చాలు. అది గజ్జి మీద పెద్దగా పనిచేయదు. నిమ్మకు గజ్జి కొమ్మలు కత్తిరించి కాల్చేసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు లీటరు నీటికి 3 గ్రాములు కొట్టండి. లేత ఆకుల్లో సొరంగాలు చేసే పురుగునూ అదుపు చేయాలి, ఆ గాయాల్లోంచే గజ్జి లోపలికి పోతుంది.

మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే చాలు, నల్లమచ్చ అంటుకుంటుంది. కాబట్టి నీళ్లు పొద్దున్నే, ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే పోయండి. రాలిన ఆకులు ఏరి పారేయండి, మందు ఖర్చు సగం అక్కడే తగ్గుతుందని నా నమ్మకం. పాత మచ్చలు ఎలాగూ పోవు, కొత్త చిగురు శుభ్రంగా వస్తుందా లేదా అన్నదే చూడండి.