కొత్త సర్వీస్ క్లాస్ పనిచేయడం లేదు: పాలసీ యాక్టివేట్ అయిందా?

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో చిత్తూరు పాల రైతుల చెల్లింపు జాబులు మీ కొత్త సర్వీస్ క్లాసులోకి (ఒకే లక్ష్యం, ప్రాధాన్యం ఉన్న పనుల వర్గం) రాకుండా పాత బ్యాచ్ క్లాసులోనే నడవడానికి కారణం, చాలావరకు, డబ్ల్యూఎల్‌ఎం (పనులకు వనరులు పంచే వర్క్‌లోడ్ మేనేజర్) నిర్వచనాన్ని ఇన్‌స్టాల్ చేసి, అందులోని పాలసీని (లక్ష్యాల సమితి) యాక్టివేట్ చేయకపోవడమే. ఈ దశలో ఇంపార్టెన్స్ (ప్రాధాన్య స్థాయి) అంకె మార్చి చూడటం వృథా.

1. కన్సోల్‌లో ‘డీ డబ్ల్యూఎల్‌ఎం’ ఇవ్వండి. అందులో కనిపించే ఇన్‌స్టాల్ సమయం మీ మార్పు కంటే ముందుదైతే, సిస్‌ప్లెక్స్ (కలిసి పనిచేసే మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్‌ల సమూహం) ఇంకా పాత నిర్వచనంతోనే నడుస్తోందని అర్థం.

2. అలా ఉంటే ముందు మార్చిన నిర్వచనాన్ని ఇన్‌స్టాల్ చేసి, ‘వీ డబ్ల్యూఎల్‌ఎం,పాలసీ=’ తరువాత మీ పాలసీ పేరు ఇచ్చి యాక్టివేట్ చేయండి.

3. అప్పటికీ మారకపోతే జెస్ (జాబులను స్వీకరించి నడిపించే వ్యవస్థ) వర్గీకరణ నియమాల వరుసను చూడండి. పైనుంచి మొదట సరిపోయిన నియమమే ఖాయమవుతుంది. పైన జాబ్ క్లాస్ ‘ఏ’ నియమం ఉంటే, ఆ క్లాసు జాబులకు కింద రాసిన జాబు పేరు నియమం దాకా పరిశీలన రాదు.

ఎస్‌డీఎస్‌ఎఫ్ (జాబులను చూసే సాధనం)లో, నడుస్తున్న జాబులను చూపే డీఏ తెరలోని సర్వీస్ క్లాస్ కాలమ్‌లో ఫలితం కనిపిస్తుంది.