సున్నపు ఇంటికి సిమెంటు పెట్టకు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. కాచిగూడ ఇల్లు నీ వాటాకి వచ్చిందనీ, దసరా లోపు గోడలు చెక్కించి సిమెంటు ప్లాస్టరింగు చేయిస్తాననీ రాశావు. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చినా సరే, ఈ ఉత్తరం చదివేదాకా పని ఆపు.

ముందు ఇంటి వయసు తేల్చుకో. కాచిగూడ, చాదర్‌ఘాట్ ఇవాళ ఊరి నడిబొడ్డు గానీ ఒకప్పుడవి మూసీ అవతలి శివార్లు. చాదర్‌ఘాట్‌కి విడిగా మునిసిపాలిటీయే ఉండేది, 1933లో హైదరాబాదులో కలిపారు. 1908 మూసీ వరద తర్వాత, 1916లో కాచిగూడ స్టేషను వచ్చాక కట్టిన ఇళ్ళు ఆ వైపు చాలానే ఉంటాయి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాల్సిందే. ఉర్దూ దస్తావేజు మీద ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) సంవత్సరం ఉంటే దానికి 590 కలుపు. 1330 ఫసలీ అంటే 1920 అక్టోబరులో మొదలైన ఏడాది. 1912-15 మధ్య లియొనార్డ్ మన్ అనే ఇంజనీరు వేయించిన నగర సర్వే మ్యాపుల్లో నీ స్థలం మీద ఇంటి గీత ఉందేమో చూడు. గీత ఉన్నంత మాత్రాన ఇప్పటి గోడలు అవేనని అనుకోకు. కూల్చి అదే పునాది మీద లేపినవీ ఉంటాయి. గోడ మందం, ఇటుక కొలత గదిగదికీ రాసుకో. ఎక్కడ మారితే అక్కడ తర్వాత కట్టిన భాగం మొదలై ఉండవచ్చు. బంగళా పెంకు అడుగున, ఇనుప గడ్డరు పక్కన కంపెనీ ముద్ర ఉంటుంది, ఫొటో తీసుకో.

ఇక అసలు సంగతి. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం, ఇసుక ముద్ద) గోడ నేలలోని తేమను పీల్చి మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోపలే ఉండి పైకి ఎక్కుతుంది, వెంట ఉప్పు తెస్తుంది. రెండు మూడు వానాకాలాల్లో సిమెంటు పెళ్ళలుగా ఊడి, వెనకున్న ఇటుక పైపొరనూ పట్టుకుపోతుంది. ఇంటి మీద ఇప్పటికే ఉన్న సిమెంటు అతుకులను ఒకసారి కొట్టి చూడు, డొల్లగా మోగుతాయి. ఎమల్షన్ పెయింటుతోనూ ఇదే తంటా, సున్నం వెల్లే వేయించు.

పాత సున్నంలో ఇసుక ఎంతో తెలియాలంటే గోడ లోపలి నుంచి ఎండిన గచ్చు వంద గ్రాములు తీసి, పొడి చేసి, నీళ్ళు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో వెయ్యి. తలుపులు తీసి, గ్లవ్స్ వేసుకుని చెయ్యి. బుసబుస ఆగాక మిగిలింది కడిగి, ఎండబెట్టి తూచు. మిగిలినదే ఇసుక. ఎర్రగా ఉంటే అందులో సుర్ఖీ, అంటే ఇటుక పొడి కలిసిందని.

కొత్త సున్నం రాయి కాల్చినదే తెప్పించి కనీసం పదిహేను రోజులు నీళ్ళలో నాననివ్వు. సరిగ్గా నానని పలుకు గోడలో చేరితే నెలల తర్వాత ఉబ్బి చిన్న చిన్న గుంటలు పెడుతుంది. పాళ్ళు మామూలుగా సున్నం ఒకటికి ఇసుక మూడు. తడి తగిలే చోట ఇసుకలో కొంత భాగం సుర్ఖీ వేసుకో. గానుగలో తిప్పితే శ్రేష్ఠం. ఒక్కో పూత అర అంగుళం దాటకూడదు, మొదటిది గట్టిపడ్డాకే రెండోది. వారం రోజులు తడి గోనెలు కప్పించు. ఎండాకాలంలో ఈ పని పెట్టుకోకు. కరక్కాయ, బెల్లం నీళ్ళు పై పూతకు కలుపుతారు, మంచిదే. గుడ్డు సొన గురించి మాత్రం మేస్త్రీలు చెప్పేదాంట్లో సగం గొప్పలే.

మిద్దె విషయంలో మరీ జాగ్రత్త. కారినప్పుడల్లా మూడంగుళాల సిమెంటు కాంక్రీటు పోయించడం అందరూ చేసే తప్పు. చదరపు మీటరుకు దాదాపు 180 కిలోలు పడుతుంది. పది బై పన్నెండు అడుగుల గది మీద రెండు టన్నులు! టేకు దూలం మధ్యలో వంగుతుంది. పాత పొరలు ఎన్ని ఉన్నాయో ఒక మూల తవ్వించి లెక్కపెట్టు, అనవసరమైనవి తీయించు. పది అడుగులకు రెండంగుళాల వాలు ఉండాలి. దూలం చివర్లు గోడలోకి వెళ్ళే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. మధ్యలో రాయిలా ఉన్న టేకు అక్కడ మెత్తగా దిగవచ్చు. కొత్త ముక్క అతికించాక చుట్టూ గాలి ఆడే సందు వదులు. గడ్డర్ల మధ్య ఇటుక కమాన్లున్న గది ఉంటే, తుప్పు ఉబ్బి కమాను పగిలిందేమో చూడు. అలా ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవకుండా ముట్టుకోకు.

పగుళ్ళకు వెంటనే పూడిక పెట్టకు. పగులుకు అడ్డంగా సన్నని గాజు పలక అతికించి తేదీ రాయి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచినా గాజు నిలిస్తే అది పాత పగులు, సున్నంతో పూడ్చు. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందన్నమాట, ముందు చూరు నీళ్ళు గోడ మొదట్లో నిలవకుండా కాలువ తవ్వించు.

పిట్టగోడ మీద మొలిచిన రావి మొక్కను పీకేయాలని చూడకు, ఇటుకలు కూడా వస్తాయి. మొదలు కోసి, వేరు ఎండనిచ్చి, తర్వాత ఆ ఇటుకలు విప్పి మళ్ళీ పేర్పించు.

ఇట్లు,
మీ మామయ్య