చిన్నా, రాస్‌లను ఏ వరుసలో దించాలంటే

సత్యనారాయణపురం, విజయవాడ

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన సముద్రపు చేపల ట్యాంకు ఫొటోలు మీ అత్తయ్యకి కూడా చూపించాను. ఆరు నెలలకే రాళ్ళ మీద ఆ గులాబీ పూత అంతలా పట్టిందంటే నీళ్ళు శ్రద్ధగా చూసుకుంటున్నావని అర్థమైంది. జోవాలు, మష్రూములు, లెదర్ కోరల్ అన్ని పగడాలూ నిండుగా విచ్చుకున్నాయి. జత క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య తప్ప ఇంకేమీ లేవు కాబట్టి ఇప్పుడు నువ్వు ఏ చేప వేసినా అది మంచి ఇంట్లో అడుగు పెట్టినట్టే. ఫోన్‌లో సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను.

నీ లిస్టులో రాస్‌లనే రంగురంగుల సముద్రపు చేపలు ఆరు రకాలు ఉన్నాయి. మూడింటిని కొట్టేస్తున్నాను, కోపం తెచ్చుకోకు.

మూన్ రాస్ వద్దు. చిన్నప్పుడు వేలెడంత ఉంటుంది, పెరిగితే అడుగుకు దగ్గరవుతుంది. రొయ్యలు, చిన్న పీతలు దానికి మేత. నీ క్లీనర్ రొయ్య వారం కూడా మిగలదు. క్లీనర్ రాస్ కూడా వద్దు. సముద్రంలో అది పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవులనీ జిగురునీ తిని బతుకుతుంది. మన ట్యాంకుల్లో దానికి ఆ తిండి దొరకదు, చాలావరకు ఎండుకుపోయి చచ్చిపోతాయి. షాపులో రోజూ కనిపిస్తుంది కదా అని తేలిగ్గా తీసుకోకు. మూడోది సిక్స్ లైన్. దాని సంగతి కింద రాస్తాను.

లెపర్డ్ రాస్‌ని కొట్టెయ్యలేదు, వాయిదా వేశాను. అది రోజంతా రాళ్ళ మీద కంటికి ఆనీ ఆనని పురుగుల్ని ఏరుకుంటూ తిరుగుతుంది. నీ ట్యాంకుకి కనీసం ఏడాది నిండి, రాత్రి టార్చి వేస్తే అద్దం మీద కోపీపాడ్లనే ఆ సన్న పురుగులు చుక్కల్లా పరిగెడుతూ కనిపించాలి. అప్పుడు ఆలోచిద్దాం.

ఇక మిగిలినవి కార్పెంటర్ ఫ్లాషర్, మెలనురస్. వీటికి తోడు నేను రెండు చెబుతాను: ఒక లబ్బాక్ ఫెయిరీ రాస్, ఒక పసుపు రాస్. ఈ పసుపుదాన్ని షాపుల్లో ఎల్లో కోరిస్ అంటారు కానీ అది కోరిస్ కాదు, మెలనురస్ లాగే హాలికోరిస్ జాతి. నిజమైన కోరిస్ పిల్లలు ఎర్రగా, తెల్ల మచ్చలతో ముద్దొస్తుంటాయి. అవి పెద్దయ్యాక రాళ్ళు తిరగేస్తాయి. పేరు విని కాకుండా చేపను చూసి కొను. నాలుగు రాస్‌లు, నాలుగు రకాల రంగు, నాలుగు రకాల ఒళ్ళు. ఒకదాన్నొకటి పోలి ఉన్నప్పుడే ఎక్కువగా కొట్టుకుంటాయి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే సుమారు 450 లీటర్లు. ఈ నాలుగూ హాయిగా తిరుగుతాయి.

ఒకే రకం మగవి రెండు మాత్రం వేయకు. జత కావాలంటే ఆడదాన్ని ముందు వేసి, మగదాన్ని తర్వాత దించు. రాస్‌లు చాలావరకు ఆడవిగా పెరిగి తర్వాత మగవిగా మారతాయి. కాబట్టి రెండు మూడు ఆడవి వేస్తే వాటిలో పెద్దదే నెమ్మదిగా మగదవుతుంది. ఒంటరిగా పెట్టిన మగ ఫ్లాషర్‌కి మెరిపించి చూపడానికి ఎవరూ లేక రంగు మెల్లగా వెలిసిపోతుంది. ఆడవి తోడుంటే సాయంత్రం చూడాలి దాని సంబరం! వీపు మీది రెక్క పూర్తిగా లేపి, అందులోని సన్నటి దారాలు సాగదీసి, ఒళ్ళంతా ఎర్రగా వెలిగించుకుని వాటి ముందు నుంచి దూసుకుపోతుంది. రెండు సెకన్లు. మళ్ళీ మామూలు చేప. అది చూడడం కోసమే నేను సాయంత్రం వాకింగ్ మానేసిన రోజులున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటాం కదా, ట్యాంకులో అది తలకిందులు. ముందొచ్చినదానిదే ఇల్లు. నా మొదటి ట్యాంకులో సిక్స్ లైన్ వేశాను. చిన్న చేప, ఊదా రంగు మీద నారింజ గీతలు, రాళ్ళ సందుల్లో చకచకా తిరిగేది. నాలుగు నెలల తర్వాత ఫ్లాషర్ తెచ్చి తిన్నగా దించేశాను. మొదటి రోజు వెంటపడింది. రెండో రోజు ఫ్లాషర్ తోక అంచులు చీలికలయ్యాయి. అలవాటు పడతాయిలే అనుకున్నాను. మూడో రోజు పొద్దున సోఫా వెనక నేల మీద దొరికింది, ఎండిన చింతకాయ తొక్కలా గట్టిపడి. తప్పు సిక్స్ లైన్‌ది కాదు, నాది. ఇల్లు దానికి రాసిచ్చి, ఆ తర్వాత అతిథిని పంపాను. అందుకే నీకు సిక్స్ లైన్ వద్దంటున్నాను. అంతగా మనసైతే అన్నిటికన్నా చివర్లో, ఒక ఏడాది తర్వాత.

నీ వరుస ఇలా ఉండాలి. మొదట ఫ్లాషర్లు. తర్వాత ఫెయిరీ, పసుపు రాస్ కలిపి ఒకే రోజు. రెండూ కొత్తవే కాబట్టి ఎవరికీ సొంత జాగా ఉండదు. మెలనురస్ చివర. ఈ మూడు విడతల మధ్య నెలకు తక్కువ కాకుండా గడువు పెట్టు, ఎందుకంటే ప్రతి విడతనీ ముందు వేరే తొట్టెలో ఉంచాలి.

ఆ తొట్టె లేకుండా చేప కొనొద్దు. వంద లీటర్ల గాజు తొట్టె, స్పాంజి ఫిల్టరు, దాక్కోడానికి నాలుగు పీవీసీ పైపు ఎల్బోలు చాలు. పసుపు రాస్, మెలనురస్ రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి కాబట్టి ఒక ప్లాస్టిక్ డబ్బాలో మూడంగుళాల మెత్తటి ఇసుక పోసి అందులో పెట్టు. ఉత్త గాజు మీద తలదూర్చబోయి మూతి పగలగొట్టుకున్నవాటిని చూశాను. పెద్ద ట్యాంకులో కూడా రెండంగుళాలకు తగ్గకుండా సన్న ఆరగొనైట్ (సున్నపు) ఇసుక ఉండాలి. దగ్గరే కదా అని సూర్యలంక బీచ్ ఇసుక తెచ్చి పోయకు. ఫెయిరీ, ఫ్లాషర్లకి ఇసుకతో పనిలేదు. రాళ్ళ సందులో చుట్టూ జిగురు గూడు కట్టుకుని నిద్రపోతాయి. పొద్దున్నే ఆ పొర సాలెగూడులా రాయికి వేలాడుతూ కనిపిస్తే జబ్బని కంగారు పడకు.

వేరే తొట్టెలో నెల రోజులు పెట్టడం ఎందుకంటే తెల్ల మచ్చల జబ్బు. అది పెద్ద ట్యాంకులోకి వచ్చిందంటే చేపలన్నీ తీసి 76 రోజులు ఖాళీగా ఉంచాలన్నది పెంచేవాళ్ళు చాలామంది పాటించే లెక్క. కోరల్స్ ఉన్న ట్యాంకులో ఆ జబ్బుకి వాడే రాగి మందు వేయలేవు. రాస్‌లలో, ముఖ్యంగా ఫ్లాషర్, లెపర్డ్ రకాలకు రాగి మందు అంత పడదు కూడా. అందుకని జబ్బు కనపడకపోతే మందు జోలికి పోకు, కళ్ళతో చూస్తూ బాగా తినిపించు.

కొనే రోజు సంగతి. దసరా వెళ్ళాక కొను. మే నెలలో మన బెజవాడ, గుంటూరు ఎండలకి ఇంట్లో నీళ్ళు చల్లబరిచే చిల్లరు ఉన్నా దారిలో థర్మాకోల్ పెట్టె లోపల నీళ్ళు వేడెక్కుతాయి, అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. చెన్నై కొళత్తూరు చేపల షాపుల్లో నీ ఎదురుగా చేపకు మేత వేయించు, తినకపోతే వదిలెయ్. పొట్ట లోపలికి పీక్కుపోయి ఉన్నా, తోక పైకి లేచి కిందికి దిగలేక ఈదుతున్నా, మూతి తెల్లగా చీకినట్టున్నా వద్దు. నీళ్ళ ఉప్పు కొలత ఎంతో అడిగి, ఫోన్ చేసి ఇంట్లో తొట్టెని అదే కొలతకి తెప్పించు. చాలా షాపులు 1.020 దగ్గర ఉంచుతాయి, నీది 1.025. పినాకిని రైల్లో ఏడు గంటలు ప్రయాణం చేసిన సంచి విప్పగానే బయటి గాలి తగిలి నీళ్ళ పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా పెద్దగా హాని చేయని అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి గంటలకొద్దీ చుక్క చుక్కగా నీళ్ళు కలుపుతూ కూర్చోవద్దు. సంచిని పావుగంట తేలనిచ్చి, చేపను మాత్రం తీసి తొట్టెలో వదిలి, సంచి నీళ్ళు పారబొయ్యి. తర్వాత రోజూ కొద్దికొద్దిగా ఉప్పు పెంచుకుంటూ 1.025కి తీసుకురా.

పసుపు రాస్ వదలగానే ఇసుకలో మునిగి రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం కనపడకపోవచ్చు. టెన్షన్ పడి ఇసుక కెలకకు. దానికి వేళ తెలిసినప్పుడు అదే వస్తుంది.

నెల గడిచాక పెద్ద ట్యాంకులోకి తిన్నగా దించకు. వన్ టౌన్‌లో యాక్రిలిక్ కోసిచ్చే కొట్టులో అడుగు పొడవు పెట్టె చేయించి, చుట్టూ రంధ్రాలు వేయించాను. దాన్ని నీకిస్తాను. ట్యాంకు లోపల అంచుకి తగిలించి కొత్త చేపను నాలుగైదు రోజులు అందులో ఉంచు. పాతవి వచ్చి చూస్తాయి, రెక్కలు విప్పి బెదిరిస్తాయి, అద్దానికి మూతి కొడతాయి. రోజురోజుకీ ఆ రాకపోకలు తగ్గితే వదలొచ్చు. తగ్గకపోతే ఇంకో వారం ఆగు. వదలడం ఆదివారం పొద్దున పెట్టుకో. రాత్రి లైట్లు ఆర్పి వదలమని కొందరంటారు, నాకది నచ్చదు. రోజంతా దగ్గరుండి చూడగలగాలి. ముందు పాతవాటికి కడుపునిండా మేత వెయ్యి. గొడవపడే చేప ఉంటే ట్యాంకు అవతలి చివర బయటివైపు చిన్న అద్దం టేపుతో అంటించు, అది తన నీడతో పోట్లాడుకుంటూ కొత్తదాన్ని మర్చిపోతుంది. పక్కపక్కన రెక్కలు విప్పుకుని తిరిగితే ఫరవాలేదు. రెక్కలు చిరిగినా, కొత్తది పై మూలకి చేరి మేతకు రాకపోయినా, ఆ గంటలోనే తీసి మళ్ళీ పెట్టెలో వెయ్యి. నాలా మూడో రోజు దాకా ఆగకు.

ఇవన్నీ ఉన్నా మూత లేకపోతే వృథా. రాస్‌లన్నీ దూకుతాయి. కిటికీలకి దోమల మెష్ వేసే అతనితో అల్యూమినియం ఫ్రేము చేయించి, అందులో పావంగుళం కన్నున్న తెల్ల వల బిగించమను. దోమల మెష్ వద్దు, వెలుతురు ఆపేస్తుంది. నీళ్ళు బయటికి జారే ఓవర్‌ఫ్లో దగ్గర, వైర్లు దిగే మూలన వేలు పట్టే సందు కూడా ఉండకూడదు.

వచ్చే ఆదివారం పెట్టె తీసుకుని బ్రాడీపేట వస్తాను. ఈలోపు ట్యాంకు పైభాగం కొలతలు లోపలి అంచు నుంచి లోపలి అంచుకి తీసి కాగితం మీద రాసి ఉంచు. మెష్ అతన్ని పదింటికి రమ్మని చెప్పు. అక్కని గోంగూర పచ్చడి కొంచెం ఎక్కువ చేయమన్నానని చెప్పు.

మీ మామయ్య